చిరుత వేఱు, చీతా వేఱు



నేడు నేను చెప్పబోవు విషయము చీతా యను మృగముయొక్క ఆహారము, దాని వేట. నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బడులలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడను. అమరకోశము వల్లెవేసి, కావ్యములకు టీకలు చెప్పుకొని బ్రదికినవానికి మృగముల తిండితో నేమి పని యని మీరడుగవచ్చును. నేను చేసిన యొక తప్పు నన్నీ పనికి పురికొల్పినది. ముందు దానిని చెప్పి, పిదప విషయములోనికి వచ్చెదను.

2022 వ సంవత్సరము సెప్టెంబరు 17 వ తేదీన ఆఫ్రికా ఖండమందలి నమీబియా దేశమునుండి ఎనిమిది చీతాలను విమానముమీద తెచ్చి మధ్యప్రదేశములోని కూనో జాతీయవనమున విడిచిరి. మఱునాటి యుదయమున ఆ వార్తను మాయూరి రచ్చకట్టమీద పత్రిక చూచి చదువుచుంటిని. గొఱ్ఱెలు మేపుకొను నొక గొల్లపెద్ద నన్ను నడుమ నాపి, "పంతులుగారూ, రాత్రిపూట మన మేకల పట్కపోయే చిరుతలను ఇమానంల తెప్పిస్తుండ్రా? గిదెక్కడి చోద్యం?" అని యడిగెను. "అవునన్నా, చీతా యనగా చిరుతపులియే" అని నేను జవాబిచ్చితిని. బడిలో పిల్లలకును ఇన్నేండ్లు అట్లే చెప్పియుంటిని.

నా మాట ఊరిలో ప్రమాణము. నాలుగు దినములలో ఆ మాట నాలుగు మందలకు ప్రాకినది. "సర్కారు చిరుతలు రేపో మాపో మన గుట్టలకును వచ్చును, చచ్చిన గొఱ్ఱెకు మందు పూసి పొలిమేరలో వేయుద"మను ఆలోచనయు పుట్టినది. అది చెవిని పడగానే నాకు భయము కలిగినది. అట్టి మందు తిని చచ్చునవి ఊరి కుక్కలు, నక్కలు, కాకులు. ఒక్కొకప్పుడు పసిపిల్లలకును ముప్పు. అప్పుడు పుస్తకములు ముందు వేసికొని కూర్చుంటిని. చదివినకొలది నా యజ్ఞానము నాకే తెలియవచ్చినది. చిరుత వేఱు, చీతా వేఱు. రెంటికిని ఒంటిమీది మచ్చలు తప్ప పోలిక తక్కువ. తినుతిండిలోను, తినువిధములోను అసలే పోలిక లేదు.

ఈ పొరపాటు నా యొక్కనిది మాత్రము కాదు; పేరులోనే చిక్కున్నది. సంస్కృతమున చిత్రకమనగా మచ్చలు గలది. ఆ మాటయే హిందీలో చీతా యైనది. మనము చిరుత, చిరుతపులి యనునది మఱియొక మృగము. 1867 లో హిందూదేశపు క్షీరదములను గూర్చి గ్రంథము వ్రాసిన జెర్డను దొర ఈ జంతువునకు తెలుగుపేరు చీతాపులి యనియు, కన్నడపు పేరు సివంగి యనియు వ్రాసెను. నేడు మన యిండ్లలో గయ్యాళిని సివంగి యందురు. సివంగి యనగా ఆడుసింహమని పిల్లలనుకొందురు. మృగము కనుమఱుగు కాగా దాని పేరు వేఱొకదానికి పోయినది. నావంటి పండితులు ఆ పేరును మఱల దాని యింటికి చేర్పవలసినది పోయి, మఱింత చెఱచితిమి.

ఇక రెంటిని వేఱుచేసి చూతము. చిరుత పొట్టికాళ్ళది, బలమైన మెడ, బండతల గలది; దాని మచ్చలు నడుమ బోలుగా పువ్వుల గుత్తులవలె నుండును. చీతా పొడవుకాళ్ళది, సన్ననినడుము, లోతైన ఱొమ్ము, చిన్నతల గలది, దాని మచ్చలు కాటుకబొట్లవలె నిండుగా నుండును. రెండు కన్నులనుండి నోటివఱకు రెండు నల్లని చారలు, కాటుక కరగి కారినట్లు దిగియుండును. ఈ చారలు చిరుతకు లేవు. చీతా తూకము 35 మొదలు 65 కిలోలవఱకు. అనగా ఒక మనిషి బరువే. అది గర్జింపలేదు; సంతోషమున పిల్లివలె గుఱగుఱలాడును, పిల్లలను పిలుచునప్పుడు పిట్టవలె కిచకిచలాడును.

చీతా తినునది యేమి? పచ్చికబయళ్ళలో తిరుగు మధ్యరకపు జింకలే దాని ముఖ్యమైన యాహారము. ఆఫ్రికాలో గజెల్ అను చిన్నజింకలు, ఇంపాలాలు, స్ప్రింగ్‌బాక్ అను గెంతుజింకలు. మనదేశమున పూర్వము కృష్ణజింకయు, చింకారాయు. కృష్ణజింకలో మగదానిని మన పూర్వులు ఇఱ్ఱి యనిరి, ఆడుదానిని లేడి యనిరి. జింక దొరకనప్పుడు కుందేలును, నేలమీద తిరుగు పక్షులను, పెద్దజంతువుల దూడలను పట్టును. సాధారణముగా 20 మొదలు 50 కిలోల తూకముగల జంతువునే యెంచుకొనును. అంతకు మించినదానిని ఒంటిగా పడవేయుట దానికి కష్టము. అన్నదమ్ములైన మగచీతాలు రెండు మూడు కలిసి బ్రదుకుట కలదు. అవి మాత్రము కూడి కొంత పెద్దజంతువుమీద పడగలవు.

చీతా పగటివేటకాడు. సింహము, చిరుత, హైనా యను దుమ్ములగొండి హెచ్చుగా రాత్రి తిరుగును. అవన్నియు చీతాకంటె బలమైనవి. కావున వాని కంటబడకుండ నిది ఉదయమునను, సాయంకాలపు చల్లనివేళను బయలుదేఱును. వెన్నెలరాత్రులలోను వేటాడుట కద్దు. దీనికి వాసనకంటె చూపు ముఖ్యము. పుట్టయెక్కియో, వాలినచెట్టు కొమ్మ నెక్కియో మైదానమును కలయజూచును. మందకు దూరముగా మేయుచున్నది, తలయెత్తి చూడక గడ్డిలో మునిగియున్నది, పసికూన, కుంటుచున్నది. ఇట్టిదాని నొకదాని నేర్పఱచుకొని, తల వంచి, నేలకు కఱచుకొని, గడ్డిమాటున మెల్లగా నడచును. జింక తలయెత్తినచో కదలక నిలిచిపోవును. ఆ విధముగా 60, 70 గజముల దూరమునకు చేరినపిదప పఱుగు లంకించుకొనును.

ఆ పఱుగును గూర్చి మనము వినుచుండుమాటలలో నిజమును కలదు, అతిశయోక్తియు కలదు. నేలమీది జంతువులలో నింత వడిగా పరుగెత్తునది వేఱొకటి లేదు. ఒక్కొక్క అంగ 20 అడుగులకు పైబడును. ఒక్క అంగలోనే నాలుగుకాళ్ళును రెండుమార్లు నేలను విడుచును. 2013 లో బోట్సువానా దేశమున చీతాల మెడలకు సూక్ష్మయంత్రములు కట్టి కొలిచినప్పుడు గంటకు 93 కిలోమీటర్ల వేగము తేలినది. సూర్యాపేట మీదుగా కోదాడకు పోవు జాతీయరహదారిపై మంచి కారు పోవు వేగమిది. కాని ఆ వేగము కొన్ని క్షణములే. ఆ కొలతలలోనే వేటపఱుగు సగటున 173 మీటర్లని తెలిసినది. అనగా మన ఊరిచెఱువుకట్ట పొడవైనను ఉండదు. పైగా చాలవేటలలో అది గంటకు 50, 60 కిలోమీటర్లను మించి పోదు. వేగముకంటె మలుపే దానికి గొప్ప. ఇఱ్ఱి ప్రాణభయమున కుడియెడమలకు విఱుచుకొని పోవుచుండగా, చీతా దాని వెంటనే వేగము తగ్గించుకొని తిరుగగలదు. పొడవైన తోక పడవకు చుక్కానివలె తోడ్పడును. గోళ్ళు పిల్లిగోళ్ళవలె పూర్తిగా లోనికి పోవు; కుక్కగోళ్ళవలె బయటనుండి నేలను పట్టును.

దగ్గఱకు చేరగానే ముందుకాలితో వెనుకనుండి తట్టి జింకను పడవేయును. ముందుకాలి లోపలివైపున కొక్కెమువంటి బొటనగోరు కలదు. దానితో తగిలించి లాగును. పడినదాని గొంతును పండ్లతో పట్టి, ఊపిరాడకుండ కొన్నినిమిషములు బిగించియుండును. పెద్దపులివలె మెడ విఱుచు బలము దానికి లేదు. ఇందొక చిత్రమున్నది. పఱుగునకు గాలి విస్తారముగా కావలెను. అందుకై దాని ముక్కురంధ్రములు పెద్దవైనవి. ముక్కునకు చోటిచ్చుటచే కోఱపండ్ల వేళ్ళకు చోటు తగ్గి, కోఱలు చిన్నవైనవి. దైవమొకచేత నిచ్చి, వేఱొకచేత తీసికొనినట్లున్నది. పఱుగునకు పుట్టినది పోట్లాటకు పనికిరాదు.

అందుచేతనే వేట ముగిసినంతనే దాని కష్టములు మొదలగును. జింక చచ్చినపిదప వెంటనే తినలేదు. ప్రక్కటెముక లెగురుచుండగా వగర్చుచు కూర్చుండును. ఒక్కొకప్పుడు అరగంటకు పైగా పట్టును. పఱుగువేడికి దాని యొడలు కాగిపోవునని పూర్వము శాస్త్రజ్ఞులు తలచిరి. 2013 లో ప్రకటితమైన పరిశోధనలో పఱుగువేళ ఒంటివేడి హెచ్చుటలేదనియు, వేట ముగిసినపిదపనే కొంత పెరుగుచున్నదనియు తేలినది. ఏమైనను ఆ వేళ అది నిస్సహాయము. దుమ్ములగొండి యొక్కటి వచ్చినను తిండి విడిచి తొలగిపోవును. కాలు విఱిగినచో దానికి పఱుగు లేదు, పఱుగు లేనిచో కూడు లేదు. కావున గాయపడుటకంటె నాకలిని మేలనుకొనును. వేట ఫలించునది సగమునకు లోపుగానే. ఆ దొరికినదానిలోను పదింట నొకటి బలవంతులు లాగుకొనిపోవుదురని ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానమున లెక్కవేసిరి.

కావున చీతా తిండి తొందరతిండి. తొడమాంసము, వెన్నుమాంసము, గుండె, కాలేయము, మెత్తని ప్రక్కటెముకల కొనలు తినును. పెద్దయెముకలను, చర్మమును, ప్రేగులను విడుచును. ఒక్కపూటకు 10 కిలోలవఱకు తినగలదు. సగటున దినమునకు 3 కిలోల మాంసము చాలును. మిగిలినదానిని దాచుకొనదు, మఱునాడు వచ్చి వెదకదు. చచ్చిపడియున్న కళేబరమును ముట్టుట మిక్కిలి అరుదు. నీటికి కటకటపడదు, వేటాడినదాని నెత్తుటిలోని తేమతోనే కొన్నిదినములు గడుపుకొనును. చిరుత యట్లు కాదు. అది చీకటిలో, గుట్టల మాటున, పొదలలో పొంచి, దగ్గఱకు వచ్చినదానిమీద దుముకును. చంపినదానిని చెట్టుపై కెక్కించి దాచును. మఱునాటిరాత్రి తిరిగివచ్చి తినును. ఎలుక, కోతి, కుక్క, మేక, దూడ, ఏది దొరికిన నదియే పరమాన్నము. అందుచేత చిరుత మన యూళ్ళ ప్రక్కన గుట్టలలో నేటికిని బ్రదికియున్నది. చీతా బ్రదుకలేకపోయినది. ఇది మఱువరాదు. ఏది దొరికిన నది తినగలవాడు ఎక్కడనైనను బ్రదుకును. ఒకే బయలును, ఒకే జింకను నమ్ముకొన్నవాడు ఆ బయలు పోయిననాడు పోవును.

ఉపాధ్యాయుడనగుటచే నాకు మిక్కిలి నచ్చినది తల్లిచీతా చదువు చెప్పు విధము. మూడుమాసముల గర్భమున మూడునుండి అయిదు పిల్లలను కనును. ఒంటరితల్లి, తండ్రికి సంబంధము లేదు. పిల్లలను గడ్డిలో దాచి తాను వేటకు పోవలెను. పాలిచ్చు తల్లి దాదాపు ప్రతిదినము వేటాడవలెను. సెరెంగెటిలో సింహములు, దుమ్ములగొండులు హెచ్చగుటచే నూటికి 95 పిల్లలవఱకు పెద్దవి కాకుండనే పోవుచున్నవని గణించిరి. మిగిలినవానికి తల్లియే గురువు. ఆఱుమాసములు నిండువేళకు జింకపిల్లను ప్రాణముతో పట్టితెచ్చి పిల్లలముందు విడుచును. అవి తఱుమును, తప్పిపోనిచ్చును. తల్లి మఱల పట్టి తెచ్చును. ఇట్లు ఏడాదిన్నర చదువైనపిదపనే విడిచిపోవును. ఆ చదువు లేనిది చీతాకు వేట రాదు.

మన రాజులకు వేటచీతాలు తెచ్చెడివారికి ఈ సంగతి బాగుగా తెలియును. పిల్లలను పట్టుకొనిపోయిన వేట పనికిరాదని, తల్లివద్ద చదువు ముగిసిన పెద్దచీతాలనే పట్టెడివారు. చీతాలు గోళ్ళు గీరుకొనుటకు మఱల మఱల వచ్చు చెట్లుండును. పార్ధీలవంటి వేటగాండ్రు ఆ చెట్లచుట్టు నరములతో పేనిన ఉచ్చులు పన్నెడివారు. పట్టినదానికి కన్నులకు తోలుగంత కట్టి, మనుష్యుల సందడిలో నుంచి, చేతితిండికి అలవాటు చేసెడివారు. కొన్నిమాసములలో కుక్కవలె సాధువయ్యెడిది.

క్రీ.శ. 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమను సంస్కృతగ్రంథమున చీతాలతో లేళ్ళను వేటాడు వినోదము చెప్పబడినది. ఆ చక్రవర్తుల యేలుబడిలోనిదే మన పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాక. అది వారి మండలమునకు ముఖ్యపట్టణముగా నుండెను. కావున చీతావేట మనకు పరాయికథ కాదు.

ఆ వేట యిట్లు జరిగెడిది. కండ్లగంత కట్టిన చీతాను రెండెడ్లబండిపై కూర్చుండబెట్టి కృష్ణజింకలున్న బీటికి తోలెడివారు. రైతుబండికి జింక బెదరదు. కాలినడకను పోయిన బెదరును. నూఱు, రెండునూఱుల గజముల దగ్గఱకు పోయి గంత తీసి విడిచెడివారు. చీతా తన యిష్టమువచ్చినట్లు పొంచిపోయి, తఱచుగా నల్లని ఇఱ్ఱినే పట్టెడిది. కాపరి పరుగెత్తిపోయి జింక గొంతుకోసి, కొయ్యగరిటెలో వెచ్చని నెత్తురు పట్టి చీతాకు చూపును. అది త్రాగుచు పట్టు విడుచును. మఱల కండ్లకు గంత. వేట తప్పిపోయినచో చీతా అలిగి నేలపై కూర్చుండును. దానిని బుజ్జగించి బండి యెక్కించుకొనవలెను. చూచితిరా, అడవిలో తన కడుపుకొఱకు చేసిన పనినే యిక్కడ దొర వినోదముకొఱకు చేసినది. కూలి ఒక గరిటెడు నెత్తురు, ఒక కాలు.

ఈ వినోదమే దానికి మృత్యువైనది. అక్బరు చక్రవర్తి తన జీవితకాలమున 9,000 చీతాలను సేకరించెనని ఆయన కుమారుడు జహంగీరు వ్రాసికొనెను. చెఱలో చీతా పిల్లలను కనుట అరుదు. ఆ కాలమున ఒక్కమారు మాత్రము మూడుపిల్లలు కలిగినవని అదియొక వింతగా జహంగీరే వ్రాసెను. అనగా రాజుల చీతాశాలలలో నున్న ప్రతిచీతాయు అడవినుండి తీసికొనివచ్చినదే, తిరిగి అడవికి చేరినది లేదు. పొదుపుమొత్తమునకు వడ్డీ లేక, ఏటేట అసలే తీసికొని తిన్నట్లైనది.

పిమ్మట ఇంగ్లీషు దొరతనములో చీతాను కూడ క్రూరమృగముల పట్టికలో చేర్చి, చంపినవారికి బహుమానము లిచ్చిరి. మన తెలుగుదేశమున నిందుకొక కథ కలదు. 19 వ శతాబ్దపు చివరి పాదమున విశాఖపట్టణములో గవర్నరు ఏజంటుగా నుండిన ఇర్వినను దొర, విజయనగరం రాజుగారి పెంపుడుచీతాతో వేటకుపోయి, దాని దెబ్బకు గాయపడి మరణించెను. మనదేశమున చీతావలన మనిషి చనిపోయినట్లు నమోదైనది ఇదొక్కటే. అదియు చెఱలోని మృగము. అడవిచీతా మనుష్యుని చంపి తిన్నట్లు దాఖలా లేదు.

ఆ శతాబ్దపు ప్రకృతిశాస్త్రజ్ఞులు చీతాలు హెచ్చుగా నుండు తావులను పేర్కొనుచు ఉత్తరమున జయపురమును, దక్షిణమున హైదరాబాదు రాజ్యమును చెప్పిరి. మన సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలు ఆ రాజ్యములోనివే. కాని ఆ శతాబ్దము ముగియునప్పటికి రాజులకు చీతాలు దొరకుట కఱవైనది; కొందఱు ఆఫ్రికానుండి తెప్పించుకొనిరి. 1947 లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధిపతి రామానుజ ప్రతాపసింగుగారు రాత్రివేళ మూడు చీతాలను కాల్చిరి. 1951 లో చిత్తూరుజిల్లాలో ఒక చీతా కనబడినట్లు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో 1952 లో అచ్చుపడినది. అనగా మనదేశపు చీతాను చిట్టచివర చూచినట్లు వ్రాసిన వ్రాతలలో తెలుగునేలది యొకటి. ఆ 1952 లోనే భారతదేశమున చీతా అంతరించినదని ప్రభుత్వము ప్రకటించెను. ఇన్ని మృగములను పోగొట్టుకొన్న మనదేశమున, స్వాతంత్ర్యానంతరము పూర్తిగా అంతరించిన పెద్దమృగ మిదియే.

ఇప్పుడు మన మూడు ప్రాంతముల సంగతి చెప్పెదను. 1955 డిసెంబరు 10 వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4 వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిమడులైనవి. మిర్యాలగూడ బియ్యపుమిల్లులకు పేరుకెక్కినది. సూర్యాపేట దిక్కున మూసీ ప్రాజెక్టు నీరందినది. మెట్టపంటమీద బ్రదికిన తండ్రుల పిల్లలము మనము. ఆ నీటివిలువ మనకు తెలియును. చీతా కాలువలకు ముందే పోయినది. ఆ నింద వానిమీద వేయరాదు.

కాని యొకటి కలదు. దున్నని నేలనంతటిని మనము బంజరు, బీడు, పనికిరానిదని వ్రాసికొంటిమి. దాని విలువ మన గొల్లలకు తెలియును. దురాజుపల్లి పెద్దగట్టు లింగమంతులస్వామి జాతరకు రెండేండ్లకొకమారు తరలివచ్చు జనమును చూడుడు. ఆ మందలన్నియు ఏ గడ్డి మేసి పెరిగినవి? ఆ బీళ్ళ గడ్డియే. ఆ గడ్డియే ఇఱ్ఱికి కూడు, ఇఱ్ఱి చీతాకు కూడు. పచ్చిక యొక విస్తరి. దానిని చించివేసినచో దానిలో తిను నలుగురును లేచిపోవలసినదే. బట్టమేకపిట్ట యను పెద్దపక్షి యట్లే మన బయళ్ళనుండి పోయినది. దానికొఱకు 1988 లో కర్నూలుజిల్లా రోళ్ళపాడులో రక్షితవన మేర్పడినను, పిట్ట అక్కడ కానరాకుండ పోయినది. కృష్ణజింక మాత్రము చట్టము నీడను కొన్నియెడల బ్రదికినది. నారాయణపేట జిల్లా కృష్ణాతీరమున నవి మందలుగా పెరిగి పైరును మేయుచున్నవని రైతులు మొఱపెట్టుచున్నారు. వానిని తఱుమువాడు లేడు, వానికి మేయుటకు బీడును లేదు. ఆ భారమంతయు రైతుచేనిమీద పడినది.

పోయినదానిని మఱల తెచ్చుటకు మనవారు కొంత ప్రయత్నించిరి. హైదరాబాదులోని సి.సి.యం.బి. యను జీవశాస్త్రపరిశోధనాలయమువారు ఇరాను చీతా కణములతో క్రొత్తచీతాను పుట్టింపజూచిరి, ఇరాను సమ్మతింపలేదు. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు 2013 లో సౌదీ రాజకుమారుడొకడు జంట చీతాలను కానుకగా పంపెను. ఆడుది 2020 లోను, మగది 2023 లోను చనిపోయినవి. ఇక కూనోలో నమీబియా చీతాల పిదప 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుండి మఱి పండ్రెండు చేరినవి. కొన్ని చనిపోయినవి, పిల్లలును పుట్టినవి. అక్కడ వాని తిండి హెచ్చుగా చుక్కలదుప్పి. కంచె దాటి పొలములలోనికి వచ్చినప్పుడు మేకలమీదను, దూడలమీదను పడుట కలదు. 2025 మార్చిలో దూడపై పడిన తల్లిచీతామీదను పిల్లలమీదను గ్రామస్థులు ఱాళ్ళు రువ్విరి. వారిని నేను తప్పుపట్టను. దూడ పోయినవాని బాధ వానికే తెలియును. నష్టమునకు వెంటనే సొమ్ము ముట్టినచో ఱాయి నేలనే యుండును. మృగమును తెచ్చువారు దాని తిండిని గూర్చి యెంత తలపోసిరో, ఆ పల్లెవాని మందను గూర్చియు నంతయే తలపోయవలెను.

తుదకు మన యూరిపని. ఆ గొల్లపెద్ద యింటికి నేనే పోయి, "అన్నా, నేను చెప్పినది తప్పు" అని యొప్పుకొంటిని. కూనో మనకు ఎన్నో వందల మైళ్ళ దూరము. ఆ చీతా మన గుట్టలకు రాదు. మన దిక్కున రాత్రి దొడ్డిలో మేక పోయినచో అది చిరుతయో, తోడేలో, కుక్కల గుంపో యగును. దానికి తగిన జాగ్రత్త మన తాతలు చేసినదే: చీకటిపడకముందే మందను తోలుకొనివచ్చుట, దొడ్డికి ఎత్తైన ముండ్లకంప, పైకప్పు, దీపము, కుక్క. పోయినదానికి అటవీశాఖవారికి వెంటనే చెప్పి పంచనామా చేయించినచో పరిహారము వచ్చును. కళేబరమునకు మందు పూయుట నేరము, పాపము కూడ. ఇంత విని ఆయన నవ్వి, "పంతులుగారూ, గా చీత మనకు రాకున్నా, అది మేసిన బీడు మాత్రం మాకు కావాలె" అనెను. నేను పుస్తకములలో నాలుగుమాసములు వెదకి తెలిసికొన్నదానిని ఆయన ఒక్కమాటలో చెప్పెను.

పెద్దలారా, మీ యూరి గ్రామసభలో మేతభూమి మాట వచ్చినప్పుడు, అది ఊరక పడియున్న నేల యని సంతకము చేయకముందు, దానిలో ఎవరెవరు తినుచున్నారో యొక్కమారు లెక్కపెట్టుడు. ప్రక్కన పిల్లలుండినచో, కంటినుండి నోటికి చారలున్నది చీతా, లేనిది చిరుత యని చెప్పుడు. వారైనను నావలె తప్పు చెప్పకుందురు.